మా ఆడవాళ్ళు మోసే జబ్బు

1955 శ్రావణంలో, నా కొడుకు పుట్టిన పదమూడో రోజు ఉదయం, వాడి కింద గుడ్డ తీసి చూస్తే తడి గోధుమరంగుగా ఉంది. చంటిపిల్లల మూత్రం ఆరితే గుడ్డమీద ఆనవాలు మిగలదు. ఇది కాఫీ డికాషను ఒలికినట్టుంది. వాకిట్లోకి తీసుకెళ్ళి వెలుతురులో చూశాను. నెత్తురు కాదు. అమ్మను పిలిచాను.

"నూనె మరకేమోనే," అంది అమ్మ.

"నూనె అయితే అంచులు పాకుతుందమ్మా. ఇది పాకలేదు."

అమ్మ ఆ గుడ్డ నా చేతిలోంచి తీసుకుని, రెండోసారి చూడకుండా మడిచేసింది. మా ఇద్దరి భయమూ ఒకటే.

ఆ భయమేమిటో ముందు చెబుతాను. మా పుట్టిల్లు మండవల్లి అవతల, కొల్లేటిలో ఒక లంక. నాన్న అక్కడి బడిలో మేష్టారు. అమ్మకు నలుగురం పుట్టాం. పెద్దదాన్ని నేను. నా తరవాత ఇద్దరు మగపిల్లలు, ఆఖర్న చెల్లెలు సుశీల. ఆ మగపిల్లలిద్దరూ పురిట్లోనే పోయారు. మొదటివాడు నాకు గుర్తులేడు. రెండోవాడు పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. పసుపు రాసినట్టున్న రెండు చిన్న పాదాలు గుర్తున్నాయి. ఆ తరవాత రేవులో బట్టలుతికే ఆడవాళ్ళు, నేను వింటున్నానని కూడా చూసుకోకుండా, "మేష్టారుగారి భార్య కడుపున మగబిడ్డ నిలవడు" అనుకునేవారు. తాడేపల్లిగూడెంలో నాకు సంబంధం కుదిరినప్పుడు ఆ మాట అక్కడిదాకా పాకకుండా ఉండాలని అమ్మ ఎన్ని మొక్కుకుందో నాకు తెలుసు.

పొద్దెక్కేసరికి పిల్లాడి కళ్ళల్లో తెలుపు లేదు. పురుడు పోసిన మంత్రసాని వచ్చి వాడి బొడ్డు, అరికాళ్ళు నొక్కి చూసింది.

"కామెర్లండి. చంటిపిల్లలకి వత్తాయి, పోతాయి. ఆకుపసరు రెండు చుక్కలు నాలిక్కి రాత్తే దిగిపోద్ది."

"మా తమ్ముడికీ రాశావు కదా," అన్నాను.

అమ్మ నా వంక చూసింది, ఎందుకన్నావే అన్నట్టు.

మధ్యాహ్నం నుంచి వాడు పాలు తాగడం మానేశాడు. ఆకలితో ఏడ్చే పిల్లాడు ఏడవడం కూడా మానేస్తే ఆ నిశ్శబ్దం ఎంత భయంగా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. రొమ్ము అందిస్తే పెదాలు కదిపి వదిలేస్తున్నాడు. నాన్న బడినుంచి వచ్చి గుమ్మంలో నిలబడి ఒక్కసారి చూశారు. చొక్కా మార్చుకోకుండానే, "దోనె తీయిస్తాను. ఏలూరు వెళ్దాం," అన్నారు.

"ఇరవై ఒకటో రోజు పురుడు వెళ్ళకుండా గడప దాటిస్తారా?" అంది అమ్మ.

"ఇంతకుముందు రెండుసార్లు దాటించలేదు కదా," అన్నారు నాన్న. ఆయన ఇంట్లో కటువుగా మాట్లాడగా నేను విన్నది ఆ ఒక్కసారే. అప్పుడు కూడా గొంతు పెంచలేదు.

వాన పడుతోంది. తాటిదోనెలో నేను మధ్యన కూర్చుని పిల్లాణ్ణి ఒళ్ళో కప్పుకున్నాను. అమ్మ నా మీద గొడుగు పట్టింది. శ్రావణంలో కొల్లేరు ఎక్కడ మొదలవుతుందో ఎక్కడ ఆగుతుందో తెలియదు. నీళ్ళమీద వాన తప్ప ఏమీ కనబడదు. వాడి ఛాతీ లేస్తోందా లేదా అని నా చెయ్యి అక్కడినుంచి తీయలేదు. దోనెవాడు రెండుసార్లు "బాబు ఎలా ఉన్నాడండీ" అని అడిగాడు. గట్టుకు చేరి, బండి కట్టించుకుని, తరవాత బస్సెక్కి, దీపాలు పెట్టే వేళకు ఏలూరులో ఆస్పత్రికి చేరాం. తాడేపల్లిగూడెం కబురు వెళ్ళి, మావారు మర్నాడు ఉదయం రైలుకు వచ్చారు. ఆయన రైసుమిల్లు ఆఫీసులో గుమాస్తా.

అక్కడి డాక్టరుగారికి నలభై ఏళ్ళుంటాయేమో. తక్కువ మాట్లాడే మనిషి. పిల్లాడి మడమ పొడిచి నెత్తురు తీసుకుని, తనే మైక్రోస్కోపు కింద పెట్టుకుని చూశారు. నాన్నను పిలిచి చెప్పారు. నేను పక్కనే ఉన్నాను.

"ఇది లివర్ జాండిస్ కాదండీ. హీమోలిసిస్. అంటే రక్తకణాలు లోపలే పగిలిపోతున్నాయి. హిమోగ్లోబిన్ బాగా పడిపోయింది. పగిలిన కణాల్లోంచి వచ్చిన పచ్చదనమే ఒంట్లో నిండుతోంది. అది మెదడుకి ఎక్కకుండా ఉండాలి."

"ఎక్కితే?" అన్నారు నాన్న.

"ఎక్కకుండా చూద్దామండీ."

మావారి గ్రూపు కలిసింది. ఆయన చేతినుంచి తీసిన రక్తం, పిల్లాడి చీలమండ దగ్గర చిన్న గాటు పెట్టి, సిరంజితో కొద్దికొద్దిగా ఎక్కించారు. ఆ గాటు మచ్చ ఇప్పటికీ వాడి కాలిమీద ఉంది. ట్రాన్స్‌ఫ్యూజన్ అయిన సాయంత్రం వాడి పెదాలకు కాస్త రంగు వచ్చింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. మరునాడు పొద్దున్నకు ఆ రంగు మళ్ళీ పోయింది. గుడ్డమీద మళ్ళీ అదే గోధుమ మరక.

"ఎక్కించిన రక్తం నిలవాలే," అని తనలో తను అనుకున్నట్టు అన్నారు డాక్టరుగారు. "ఇంకా ఏదో లోపలికి వెళ్తోంది." వంగి పిల్లాణ్ణి ఎత్తుకోబోయి మధ్యలో ఆగారు. వాడికి చుట్టిన బట్టను ముక్కు దగ్గరకు తెచ్చుకున్నారు.

"ఇదేం గుడ్డమ్మా?"

మా వైపు పురుడు వెళ్ళేదాకా బిడ్డకు కొత్తబట్ట తొడగరు. నిండు నూరేళ్ళూ బతికిన పెద్దవాళ్ళ పాతబట్టలో చుడతారు, వాళ్ళ ఆయుష్షు బిడ్డకు వస్తుందని. మా నాన్నగారి తాతగారు తొంభై దాటి బతికారు. ఆయన పంచె ఒకటి మా ఇంట్లో ట్రంకుపెట్టెలో దాచి ఉండేది. మగపిల్లాడు పుడితేనే అందులో చుట్టేవారు. ఆడపిల్లలకు అమ్మ పాతచీర ముక్క చాలు. కొల్లేటి చెమ్మకు బట్టలు బూజు పడతాయి, పురుగు కొట్టేస్తాయి. అందుకని అమ్మ ఆ పెట్టెలో కలరా ఉండలు గుప్పెళ్ళతో వేసి ఉంచేది. బీరువాల్లో వేసుకునే ఆ తెల్లటి ఉండలే. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ రోజూ పిల్లాడికి ఒళ్ళంతా నూనె పట్టించి, నీళ్ళు పోసి, సాంబ్రాణి ధూపం వేసి, ఆ పంచెలోనే చుట్టాం. సాంబ్రాణిలో మాకు ఆ వాసన తెలియలేదు. ఆస్పత్రిలో సాంబ్రాణి లేదు. ఆ పెట్టె సంగతి ఆయనకు చెప్పాను.

"నాఫ్తలీన్," అన్నారు డాక్టరుగారు. "నూనె రాసిన ఒంటికి ఇది మరీ తొందరగా ఇంకుతుంది. తీసెయ్యండి. వీడి పక్కబట్టలన్నీ తీసెయ్యండి. తల్లి చీర కూడా ఆ పెట్టెలోదేనా?"

అవునన్నాను. నన్ను కూడా బట్టలు మార్చుకోమన్నారు. ఆయా ఆస్పత్రి దుప్పటి చింపి పిల్లాడికి చుట్టింది. పంచె ఎవరు తీశారో, ఎక్కడ పడేశారో అప్పుడు చూడలేదు. కాస్సేపటికి చూస్తే వరండాలో గోడకు ఆనుకుని అమ్మ కూర్చుని ఉంది. పంచె ఆవిడ ఒళ్ళో ఉంది.

రెండోసారి రక్తం ఎక్కించాక మూత్రం తేటపడుతూ వచ్చింది. పచ్చదనం ముందు కాళ్ళమీద, తరవాత మెల్లగా పైన కూడా తగ్గిపోయింది. వాడు గట్టిగా ఏడిచి పాలు తాగిన రోజు మావారు బయటికి వెళ్ళి వార్డులో అందరికీ అరటిపళ్ళు తెచ్చారు. కాని డాక్టరుగారు మమ్మల్ని పంపించేటప్పుడు, "మెడ నిలబెడుతున్నాడా, పిలిస్తే తిరుగుతున్నాడా, చూస్తూ ఉండండి. ఆరు నెలలదాకా నేనేమీ చెప్పలేను," అన్నారు. ఆ ఆరు నెలలూ నేను వాడి వెనక చప్పట్లు కొట్టి పరీక్షించని పూట లేదు. వాడు తల తిప్పినా నాకు నమ్మకం కలిగేది కాదు. గాలికి తిప్పాడేమో అనుకుని మళ్ళీ కొట్టేదాన్ని.

"చప్పట్లు కొట్టి పిల్లాణ్ణి పెంచడం ఈ ఇంట్లోనే చూస్తున్నాను," అనేవారు మా అత్తగారు. "భజన మండలిలో చేర్పిస్తావా ఏమిటి?"

వాడికి సత్యం అని పేరు పెట్టాం. నడిచాడు, మాట్లాడాడు. తప్పంతా ఆ గుడ్డదేనని, గుడ్డ పోయింది కాబట్టి భయం పోయిందని అనుకున్నాం. మూడేళ్ళు అలాగే అనుకున్నాం.

1958 చలికాలం. నేను అయిదో నెల గర్భిణిని. తాడేపల్లిగూడెంలో మా వీధిలో చాలామందికి చలిజ్వరాలు. మలేరియావాళ్ళు ఇంటింటికీ వచ్చి గోడలకు మందు కొట్టి, జ్వరం ఉన్నవాళ్ళ వేలు పొడిచి గాజుపలకమీద నెత్తురు తీసుకెళ్ళారు. సత్యానికీ మలేరియా అని తేలింది. మాత్రలు ఇచ్చారు. పక్కింటి పిల్లలు ముగ్గురూ అవే మాత్రలు మింగారు. నాలుగో రోజు ఆ ముగ్గురూ వీధిలో గోళీలాడుతున్నారు. మావాడు మంచంమీంచి దిగి, "అమ్మా, నల్లగా వచ్చింది," అన్నాడు.

వెళ్ళి చూశాను. మూడేళ్ళ కిందటి రంగే. ఇంకా ముదురు. ఇంట్లో కలరా ఉండలు లేవు. వాడు పుట్టినప్పటినుంచి ఆ వస్తువును నేను గుమ్మం తొక్కనివ్వలేదు. అయినా పెట్టెలన్నీ బోర్లించాను. మా అత్తగారి కావిడిపెట్టె కూడా.

"నా పట్టుచీరలు వాసన చూస్తున్నావా, పిల్లాణ్ణి చూస్తున్నావా?" అన్నారు అత్తగారు. అని, ఆవిడే వాణ్ణి భుజాన వేసుకుని స్టేషనుకు బయల్దేరారు.

ఏలూరులో అదే డాక్టరుగారు. సత్యం చీలమండ మీద మచ్చ చూసి గుర్తుపట్టారు. ఈసారి ఆయన చాలా ప్రశ్నలు అడిగారు. ఏ మాత్రలు, ఎన్ని, ఇంకెవరు మింగారు, వాళ్ళకేమైంది. ఎవరికీ ఏమీ కాలేదన్నాను.

"అదీ విషయం," అన్నారు. "అప్పుడు నాఫ్తలీన్. ఇప్పుడు మాత్రలు. రెంటికీ సంబంధం లేదు. రెండుసార్లూ ఉన్నది వీడొక్కడే. లోపం వీడి రక్తంలో ఉందమ్మా. పుట్టుకతో వచ్చింది. ఇలాంటి మాత్రలకు కొందరి కణాలు తట్టుకోలేక పగులుతున్నాయని, అది వంశంలో నడుస్తోందని ఈమధ్య బయటిదేశాలవాళ్ళు రాస్తున్నారు. మీకు తమ్ముళ్ళున్నారా?"

ఇద్దరుండేవారని చెప్పాను. ఎలా పోయారో చెప్పాను. ఆ పంచె వాళ్ళకు కూడా చుట్టారని చెప్పాను.

ఆయన మందుల కాగితం వెనక్కి తిప్పి, ఆడవాళ్ళకు గుండ్రాలు, మగవాళ్ళకు పలకలు గీశారు. నాకు అర్థమైనంతలో ఆయన చెప్పింది ఇది. తల్లిదండ్రుల ఒంటి గుణాలు బిడ్డకు నకలుగా దిగుతాయి. ఎప్పుడో ఒక తరంలో నకలు దిగేటప్పుడు చిన్న మార్పు పడుతుంది. దాన్ని మ్యుటేషన్ అంటారు. ఆ తరవాత అన్ని తరాలూ ఆ మారినదాన్నే ఎత్తి రాసుకుంటాయి. మా ఇంట్లో ఆ మార్పు ఎక్స్ క్రోమోజోములో ఉంది. ఆడదానికి అవి రెండు. ఒకటి చెడ్డా రెండోది బండి లాగుతుంది, ఆవిడకు ఏమీ తెలియదు. మగవాడికి ఒక్కటే, అది తల్లి ఇచ్చినదే. అది చెడ్డదైతే వాడికి మరో ఆధారం లేదు.

నేను మేష్టారి కూతుర్ని. తరవాతి కాలంలో నేనూ ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పాను. ఆ కాగితం చూస్తూ లెక్క కట్టుకోకుండా ఉండలేకపోయాను.

"అయితే నాకు పుట్టే ప్రతి మగపిల్లాడికీ సగానికి సగం."

"అవును."

"ఒకడికి వచ్చింది కాబట్టి రెండోవాడికి రాదని లేదు."

"లేదమ్మా. ప్రతిసారీ కొత్త లెక్కే."

నా చెయ్యి పొట్టమీదికి వెళ్ళింది. ఆయన చూశారు. "ముందు ఈ పిల్లాణ్ణి చూద్దాం," అన్నారు.

సత్యం ఈసారి నన్ను ఎక్కువ భయపెట్టాడు. పసిబిడ్డగా ఉన్నప్పుడు ఏడుపు ఒక్కటే. ఇప్పుడు మాటలొచ్చు. "అమ్మా, కళ్ళు తిరుగుతున్నాయి," అంటాడు. "అమ్మా, నేను పచ్చగా ఎందుకున్నాను," అంటాడు. గుండె చొక్కామీంచే కొట్టుకుంటూ కనబడేది. రక్తం ఎక్కించాక ఒళ్ళు వణికి జ్వరం వచ్చింది. ఒక పూటంతా మూత్రం రాలేదు. కిడ్నీలు దెబ్బతింటాయేమోనని డాక్టరుగారు నర్సుతో నెమ్మదిగా అనడం విన్నాను. మా అత్తగారు వాడి మంచం కోడు పట్టుకుని కూర్చున్నారు. సాయంత్రం వాడు "నానమ్మా, ఒంటికి" అన్నప్పుడు ఆవిడ పింగాణీ గిన్నె పట్టుకుని, వచ్చినది డాక్టరుగారి గదిదాకా తనే మోసుకెళ్ళారు. ఆ రోజుల్లో ఆవిడకు ఉన్న మడి తెలిసినవాళ్ళెవరూ నమ్మరు. డాక్టరుగారు గిన్నె వెలుతురుకు పట్టి, "ఇవాళ కాస్త పలచబడిందండీ," అన్నారు.

ఇంటికి వచ్చేముందు ఆయన ఒక మాట అన్నారు. "మీ చెల్లెలికి కూడా ఉండొచ్చు. ఉండకపోవచ్చు. అదీ సగానికి సగమే. ఆవిడకు చెప్పండి."

సుశీలను ముదినేపల్లి ఇచ్చారు. అప్పుడు తొలిచూలు, పురిటికి లంకకు వచ్చి ఉంది. చెల్లెలికి సగం, ఆవిడ కొడుక్కి అందులో సగం. నాలుగింట ఒక వంతు. కాని పుట్టేది మగబిడ్డో కాదో తెలియకముందే పెట్టె తెరిచి పంచె తీసి సిద్ధం చేస్తారు. ఆ పంచె ఏమైందో నేను ఎప్పుడూ అడగలేదు. అడిగితే తమ్ముళ్ళ మాట వస్తుంది. మూడేళ్ళూ ఆ మాట దాటేశాను. సత్యాన్ని అత్తగారి దగ్గర వదిలి, మావారితో కలిసి లంకకు వెళ్ళాను.

గదిలో ట్రంకుపెట్టె ఉన్నచోట ఖాళీ.

"ఎక్కడుందమ్మా?"

"ఏలూరునుంచి వచ్చిన మర్నాడే మీ నాన్నగారు పడవలో తీసుకెళ్ళి ముంచేశారు. నేనే ముంచెయ్యమన్నాను." అమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. ఆపలేదు. "ఆ ఇద్దరికీ నేనే చుట్టానే. ఒక్కటే ధ్యాస, నూరేళ్ళు బతకాలని. నీకు చెప్పలేదు. చెప్పుకునేందుకు నాకు నోరు రాలేదు."

మిగతా సగం నేను చెప్పాలి. గుడ్డ ఒక్కటే కాదని, రక్తం కూడానని. చెప్పకుండా వెళ్ళిపోదామా అని నిజంగా అనుకున్నాను. సుశీల గుమ్మానికి ఆనుకుని, బరువుగా నిలబడి వింటోంది. ఆవిడ కోసం చెప్పాను. కాగితం వెనక గీసిన గుండ్రాలూ పలకలూ నేలమీద బియ్యపుగింజలు పేర్చి చూపించాను.

అమ్మ చేట పక్కన పెట్టి ఆ గింజలమీదికి వంగింది. "అయితే నా కడుపులోనే ఉందన్నమాట. రేవులో వాళ్ళన్నది నిజమే."

"కాదమ్మా. వాళ్ళన్నది శాపం. ఇది నీకు మీ అమ్మ ఇచ్చిందో, తాతయ్య ఇచ్చాడో. వాళ్ళకెవరిచ్చారో. ఎవరూ కావాలని ఇవ్వలేదు."

"ఇంత చెడ్డదైతే ఇన్ని తరాలు ఎందుకు నిలిచింది? అందరూ పోయి అక్కడితో ఆగిపోవాలి కదా."

ఇదే ప్రశ్న నేను డాక్టరుగారిని అడిగాను. ఆయన చెప్పింది అమ్మకు చెప్పాను. ఇది ఇంకా ఊహేనని, తేలాల్సి ఉందని ముందే అన్నారు ఆయన. మలేరియా పురుగు రక్తకణంలో దూరి పెరుగుతుంది. ఈ లోపం ఉన్న కణంలో దానికి సరిగ్గా సాగదేమో. దోమలున్న నీటిప్రాంతాల్లో వేల ఏళ్ళుగా చలిజ్వరంతో పోయినవాళ్ళు పోగా, ఈ మార్పు మోస్తున్న ఆడవాళ్ళు కొంచెం ఎక్కువమంది మిగిలి ఉంటారు. "మీవాళ్ళు వల వేస్తే దాని కంతలోంచి జారిపోయే చేపే కదా మళ్ళీ గుడ్లు పెట్టేది. ఇదీ అంతే. కలరా ఉండలు, ఈ మాత్రలు నిన్నగాక మొన్న వచ్చాయి. అవి రాకముందు దీనివల్ల ఇంత నష్టం ఉండేది కాదు." అదీ ఆయన అన్న మాట.

అమ్మ మెల్లగా అంది, "మా అమ్మకి ఊరంతా జ్వరాలతో మూలుగుతున్నప్పుడు కూడా ఒళ్ళు వెచ్చబడేది కాదు." అదొక రుజువు అని నేను అనుకోను. కాని ఆవిడ ఆ మాట పట్టుకుంది. నేను కాదనలేదు.

తరవాత అసలు గొడవ. సుశీల అత్తవారికి చెప్పాలన్నాను.

"చెప్పకే. పుట్టింట్లోనే ఉంచుకోమంటారు. మనం జాగ్రత్త పడితే చాలు."

"రేపు వాళ్ళింట్లో జ్వరం వస్తే మాత్ర ఎవరు వేస్తారమ్మా? నువ్వా?"

సుశీల అప్పుడు నోరు విప్పింది. "అక్కా, ఆయన వచ్చే ఆదివారం వస్తారు. నువ్వుండు. నేనే చెబుతాను. నేను ఏడిస్తే మిగతాది నువ్వు చెప్పు."

ఆదివారం మరిదిగారు వచ్చి, చెప్పు కొనతో మట్టి గీస్తూ అంతా విన్నారు. "మా ఇంట్లో కూడా ఆ ఉండలున్నాయండి, మా అమ్మ బీరువాలో," అన్నారు చివరికి. "వెళ్ళగానే పారేస్తాను." వాళ్ళమ్మగారు మాత్రం చాలా ఏళ్ళు "ముందు తెలిస్తే ఆలోచించేవాళ్ళం" అంటూనే ఉన్నారు. సుశీలకు మగపిల్లాడే పుట్టాడు. జ్వరం వచ్చినప్పుడల్లా ఆ ఇంట్లో అందరూ వాడి మూత్రం చూసేవారు. చాలా కాలం తరవాత పరీక్ష వచ్చాక చేయిస్తే వాడికి ఆ లోపం లేదని తేలింది. అన్నేళ్ళ భయమూ అక్కర్లేనిదే. అది మాకు ఎలా తెలుస్తుంది?

నాకు ఆడపిల్ల పుట్టింది. పురిటి గదిలో "ఆడపిల్ల" అన్న మాట విని నేను నిట్టూర్చిన నిట్టూర్పు మంత్రసానికి అర్థం కాలేదు. "దిగులు పడకండి, మళ్ళీసారి మగపిల్లాడే," అంది. మళ్ళీసారి లేదు. మా అత్తగారు ఒక్కసారి అడిగారు. నేను తల అడ్డంగా ఊపాను. గిన్నె మోసిన మనిషి కాబట్టి మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు సత్యం ఉద్యోగం చేసి రిటైరై ఏలూరులో ఉన్నాడు. ఆరోగ్యంగా ఉన్నాడు. జి సిక్స్ పి డి అని ఆ లోపానికి పేరుందని మాకు ఎనభైల్లో రక్తపరీక్ష చేయించినప్పుడు తెలిసింది. దీనికి మందు లేదు. పడని మందులకు, ఆ ఉండలకు దూరంగా ఉంటే మామూలు మనిషే. నా భయం మాత్రం వాడికన్నా ముసలిదై నాతోనే ఉంది. ఎవరింటికి వెళ్ళినా బీరువా తెరిస్తే నేను గుమ్మంలోనే ఆగుతాను.

ఈ అనుభవం చదివేవాళ్ళకు నేను చెప్పగలిగేది ఒక్కటే. ఇలాంటిది ఇంట్లో ఉంటే ఆడపిల్లలకు చెప్పండి. మగపిల్లాడి జబ్బు తనంతట తనే బయటపడుతుంది. ఆడపిల్లది పడదు. సత్యం కొడుక్కి ఇది వచ్చే అవకాశమే లేదు. సత్యం కూతురికి రాకుండా ఉండే అవకాశం లేదు, ఎందుకంటే తండ్రి తన ఒక్కగానొక్క ఎక్స్ కూతురికే ఇస్తాడు. ఇది లెక్క, దీనికి సగం పావు లేవు. పెళ్ళికి అడ్డమవుతుందని దాచకండి. ఆ కూతురికి, అంటే మా మనవరాలికి, పన్నెండేళ్ళప్పుడు నేను బియ్యపుగింజలు పేర్చి చెప్పాను. సంబంధం మాట్లాడేటప్పుడు వాళ్ళ నాన్నే పెళ్ళివారికి చెప్పాడు. ఒక సంబంధం వెనక్కి పోయింది. రెండోది నిలిచింది.

కిందటి ఏడాది ఆ పిల్లను తాడేపల్లిగూడెంలో పురిటికి చేర్చాం. నొప్పులు మొదలయ్యాయి. నేను పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. నాకే భయంగా ఉంది. నర్సు వచ్చి పేరు, వయసు అడిగింది. "ఏవైనా మందులు పడవామ్మా మీకు?" అంది.

"నాకు అన్నీ పడతాయండీ," అంది మా మనవరాలు, నొప్పి ఆపుకుంటూ. "పుట్టేవాడికి పడకపోవచ్చు. ముందు వాడి సంగతి రాసుకోండి."